పిడికి పలికిన వెల

తెలుగులో పిడి చిన్న మాట, సంతానం మాత్రం పెద్దది. పిడికిలి, పిడికెడు, పిడిగుద్దు, పిడిబాకు, చివరకు పిడివాదం. పట్టుకొనుట అన్న భావం అన్నింటిలోనూ ఉన్నది. కత్తికీ కొడవలికీ పిడి అంటాం, గొడ్డలికీ పారకూ వచ్చేసరికి కామ అంటాం. తమిళంలో పిడి అంటే ఆడయేనుగు అన్న అర్థం కూడా ఉన్నది. ఆ సంగతి తరువాత పనికి వస్తుంది. మన పల్లెల్లో పిడిని విడిగా బేరమాడేవాడు రైతు ఒక్కడే. విరిగితే వడ్రంగి దగ్గరకు పోయి కొత్తది వేయించుకొనేవాడు, పాతది పొయ్యిలోకి పోయేది. అటువంటి పాత పిడికోసం, అదీ ఆయుధం లేని ఒట్టి పిడికోసం, దేశదేశాల జనం పోటీపడి పాట పెంచుతారని ఈ మధ్యనే తెలిసింది.

తెలుగు పండితునికి రివాల్వరు గొడవ ఎందుకని మిత్రులకు నవ్వు రావచ్చు. నేను ముప్ఫైయేళ్ళకు పైగా పట్టుకొన్న ఆయుధం సుద్దముక్క ఒక్కటే. అయితే అమీర్‌పేటలో కాపురం ఉన్నవానికి ఏ విద్యా పరాయిది కాదు. మైత్రీవనం చుట్టుప్రక్కల గోడలు చదివితే చాలు, లోకంలో కొత్తగా ఏ శాస్త్రం పుట్టిందో తెలిసిపోతుంది. అక్కడే ఒక శిక్షణ సంస్థలో కంప్యూటరు పాఠాలు చెప్పుకొంటున్న నా పూర్వ శిష్యుడొకడు, ఒకప్పుడు నా వద్ద ఉత్పలమాలకు గణాలు కట్టినవాడు, ఇంటికి వచ్చి తన ఫోనులో ఒక అమెరికా వేలం చూపించాడు.

"సార్, ఇది తుపాకి కాదు, తుపాకి పిడికి రెండు వైపులా బిగించే చెక్కలు మాత్రమే. పాట ఎక్కడిదాకా పోయిందో చూడండి" అన్నాడు.

అవి స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1950ల చివరి ప్రాంతంలో చేసిన అక్రోటు చెక్కలు. నడుమ ఉబ్బి, అటూ ఇటూ సన్నబడే రూపాన్ని బట్టి సేకర్తలు వాటికి కోక్ సీసా పిడులని ముద్దుపేరు పెట్టుకొన్నారు. మరమేకు చుట్టూ చిన్న వజ్రం ఆకారం నునుపుగా వదిలి, తక్కిన చోటంతా సన్నని గళ్ళు చెక్కి ఉంటాయి. 1968లో కంపెనీ ఆ వజ్రాన్ని మానివేసింది. ఇక చూడండి, వజ్రం ఉన్న చెక్కది ఒక కులం, లేనిదానిది మరొక కులం. మేలురకం జతకు పలికే ధర ఒక్కొక్కసారి అదే కంపెనీ నేడు అమ్మే కొత్త రివాల్వరు ధరను అందుకొంటుంది.

ఎందుకింత ధర అంటే కారణం చాలా మామూలుది. మధ్యలో ఒక తరం వారికి రబ్బరు పిడులు నచ్చాయి. చేతికి మెత్తగా ఉంటాయని చెక్కలు ఊడదీసి అటకమీద పడవేశారు, కొందరు పారవేశారు. ఇప్పుడు వారి పిల్లలకు పాతదంటే మోజు పుట్టింది. ఏ సంవత్సరపు రివాల్వరుకు ఆ సంవత్సరపు పిడే ఉండాలి, లేకుంటే దాని విలువ తరిగిపోతుంది. తుపాకి కొనాలంటే లైసెన్సులు, పరిశీలనలు. ఈబే అయితే 1999లోనే తుపాకుల అమ్మకాన్ని నిషేధించింది. పిడి చెక్కకు అమెరికాలో ఆ బాధ లేదు, పుస్తకంలాగా టపాలో వస్తుంది. మన దేశంలో అట్లా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం నిర్వచనంలోనే ఆయుధపు భాగాలూ ఆయుధాలని ఉన్నది. పిడి కూడా భాగమేనని ఏ ఇన్‌స్పెక్టరుగారికైనా తోచిందా, కాదని నిరూపించుకోవలసిన పని మనమీద పడుతుంది.

ఇదంతా మావాడు నాకు వినోదానికి చెప్పలేదు. పంజాగుట్టలో, ఎర్రమంజిల్ మెట్రో స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో వాళ్ళ నాయనమ్మ ఉంటుంది. ఆమె మామగారికి నిజాం కాలం నుంచీ ఒక రివాల్వరు ఉండేది. దానికి దంతపు పిడి చేయించుకొన్నాడు. ఎండాకాలం చెమట చేతిలో దంతం జారుతున్నదని ఆ రెండు పలకలూ ఊడదీసి, కర్ర పిడి వేయించాడు. పెద్దాయన పోయిన తరువాత రివాల్వరు నిబంధనల ప్రకారం ప్రభుత్వానికి అప్పగించారు. దంతపు పలకలు మాత్రం ఒక జర్దా డబ్బీలో దస్తీ చుట్టుకొని ఉండిపోయాయి. ఇప్పుడు ముసలమ్మకు రెండు మోకాళ్ళూ ఆపరేషన్ కావాలి. చెక్కకే అంత వస్తే దంతానికి ఎంత రావాలి అన్నది మావాడి లెక్క.

దంతపు పిడికి వైభవం లేకపోలేదు. అమెరికా జనరల్ పాటన్ 1916లో కొన్న కోల్ట్ రివాల్వరుకు దంతపు పిడి ఉండేది. దానిని ముత్యపుచిప్ప పిడి అన్నవారిమీద ఆయన మండిపడేవాడని ప్రసిద్ధి. ఏనుగు బ్రతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అని మనవాళ్ళు ఊరకే అనలేదు. ఆ రెండో వెయ్యి కోసమే ఏనుగుల్ని చంపారు. ఆసియా ఆడయేనుగుకు బయటికి కనిపించే కొమ్ములుండవు. తమిళుల పిడి మన పిడికి పనికిరాలేదు గనుక ప్రాణం దక్కించుకొన్నది, మగయేనుగే బలి అయింది.

చట్టం సంగతి మావాడికి నేనే చెప్పవలసి వచ్చింది. మన ఏనుగు దంతం వ్యాపారం 1986 సవరణతో ఆగిపోయింది. ఆఫ్రికా దంతం పేరుతో నడిచినది 1991 సవరణతో మూతపడింది, వ్యాపారులు సుప్రీంకోర్టు దాకా పోయి 2003లో ఓడిపోయారు. అదే సంవత్సరం ఇళ్ళలో ఉన్న వన్యప్రాణి వస్తువులను ప్రకటించుకోవడానికి 180 రోజుల గడువు ఇచ్చారు. వాళ్ళ తాత ముందుచూపు గలవాడు, అటవీశాఖ నుంచి యాజమాన్య పత్రం తీసుకొని పెట్టాడు. ఆ పత్రం ఉంటే ఇంట్లో ఉంచుకోవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు, వారసుడు 90 రోజులలో ప్రకటించుకోవాలి. అమ్మడానికి మాత్రం వీలు లేదు, పత్రం ఉన్నా సరే. "అమెరికాలో స్నేహితుడున్నాడు సార్" అని గొణిగాడు. అక్కడా 2016 నుంచి ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారం దాదాపు పూర్తిగా బంద్. బ్రిటన్ 2018లో చేసిన చట్టం 2022లో అమలులోకి వచ్చింది. ఈబే 2009 నుంచే దంతాన్ని అనుమతించడం లేదు. ఇన్ని తలుపులు మూసి ఉన్నా దొడ్డిదారిన కొనేవాడు దొరుకుతాడు, వాడు చెప్పే ధరే మనకు చెవిలో మోగుతూ ఉంటుంది.

చట్టం కాదంటున్నది కాబట్టి వద్దని చెప్పి నేను ఊరుకొనేవాడినే. ఊరుకోనివ్వనిది ఇంకొకటి ఉన్నది.

ఆ పలకలను నేను చూశాను. పెద్దామె స్వయంగా డబ్బీ తెరిచి, "సారూ, వెనుక రాత ఉన్నది, మీరు సదువుతరేమో సూడండి" అని చేతిలో పెట్టింది. వయసుతో తేనెరంగుకు తిరిగిన దంతం. అంచున, దంతాన్ని అడ్డంగా కోసిన చోట, ఒకదాన్నొకటి ఖండించుకొనే సన్నని గీతలు కనబడ్డాయి. ఎముకలోనూ ప్లాస్టిక్కులోనూ అవి ఉండవు, ష్రెగర్ గీతలంటారు. లోపలివైపు, రివాల్వరు ఇనుముకు ఆనుకొనే చోట, సూదితో గీసినట్లు ఉర్దూలో రెండు అక్షరాలు, అలిఫ్, ఖాఫ్. చేసిన పనివాడి గుర్తని ఆమె మామగారు చెప్పేవారట. బయటివైపు కనిపించే నగిషీ ఏమీ లేదు. ఆ పనివాడు తన పేరును ఎవరూ చూడని చోట రాసుకొన్నాడు.

మావాడు అప్పటికే ఎవరో సేకర్తకు ఫొటోలు పంపి ఉన్నాడు. వచ్చిన జవాబు ఏమిటంటే, కంపెనీలో తయారైన దంతపు పిడికే అసలు ధర, ఊరిపనివాడు చేసినదానికి అంత రాదు. ఆ లోపలి గీతలు గరుకు కాగితంతో అరగదీసి చూపిస్తే మంచిది.

నా అభ్యంతరమంతా ఈ వాక్యం దగ్గర ఉన్నది. ధర పెరగడం తప్పు కాదు. పాతవస్తువును పొయ్యిలో పెట్టకుండా ధర కాపాడుతుందని వాదించేవారున్నారు, కొంత నిజమే కూడా. అయితే ఇక్కడ ధర అడుగుతున్నదేమిటి? ఇది ఎవరిదో, ఎవరు చేశారో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యాన్ని చెరిపివేయమని. స్మిత్ అండ్ వెసన్ పాత చెక్కల లోపల కూడా రివాల్వరు సంఖ్య ఉంటుంది, ఏ చెక్క ఏ తుపాకితో పుట్టిందో తెలియడానికి. అది ఆ చెక్క ఇంటిపేరు. విడిగా వేలంలో పెట్టిన జతలో ఆ సంఖ్య తల్లి ఎవరో తెలియని బిడ్డలాగా మిగిలిపోతుంది. వేరే రివాల్వరుకు బిగించదలచుకొన్నవాడికి అది అడ్డు కూడా.

పెద్ద వేలాలు చూడండి. బిల్లీ ద కిడ్‌ను చంపిన పాట్ గారెట్ కోల్టు 2021లో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. టిప్పు సుల్తాను ఖడ్గం 2023 మే నెలలో లండనులో 1 కోటి 40 లక్షల పౌండ్లకు పోయింది. ఆ డబ్బు ఇనుముకు రాలేదు, ఖడ్గం పిడిమీది బంగారానికీ రాలేదు. ఏ చేతినుంచి ఏ చేతికి వచ్చిందో చెప్పగల చరిత్రకు వచ్చింది. పెద్దవాళ్ళ వస్తువుకు చరిత్ర ఉంటే వెల పెరుగుతుంది, అనామక పనివాడి వస్తువుకు చరిత్ర ఉంటే వెల తగ్గుతుంది. ఇదెక్కడి తూకం?

ఈ విడదీసే విద్య మనవాళ్ళకు కొత్తదని కూడా అనలేను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తాళపత్రాలున్నాయంటే పల్లెలకు పోయి చూసేవాణ్ణి. ఒక ఇంట కట్ట ఉన్నది గాని, పైనా క్రిందా ఉండవలసిన చెక్కపలకలు లేవు. చెక్కడం బాగున్నదని పట్నం నుంచి వచ్చినవారెవరో పలకలు మాత్రం కొనుక్కొని, ఆకులు వద్దన్నారట. తాడు తెగి, వరుస తప్పి, ఆకులు బియ్యపు చేటలో పోసి ఉన్నాయి. ఆ పలకలు ఈనాడు ఎవరి బైఠకులో గోడకు వ్రేలాడుతున్నాయో, అవి ఏ కావ్యాన్ని కాపాడాయో ఆ ఇంటివారికి తెలిసే దారి లేదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీరు బాకునూ నూర్జహాను పండ్లకత్తినీ చూసినవారికి నేను చెప్పేది సులువుగా తెలుస్తుంది. అక్కడ పచ్చరాతి పిడి అలుగుతోనే ఉన్నది. అంచు దగ్గర రెండూ కలిసే చోటే పనివాడి తెలివి కనిపిస్తుంది.

మావాడితో వాదన చాలాసేపు జరిగింది. "నీతులకు మోకాళ్ళు నొప్పిపెట్టవు కదా సార్" అన్నాడొకసారి. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. చివరకు తేల్చినది పెద్దామే. అమ్మేది లేదని చెప్పి, మామగారు ఆ పలకలు ఎప్పుడు, ఎందుకు చేయించాడో, ఎందుకు ఊడదీశాడో తనకు గుర్తున్నంత చెప్పింది. మావాడు రాసుకొన్నాడు, నేను చూసి దిద్దాను. నాలుగు పేజీలయింది. ఆ కాగితాలు, యాజమాన్య పత్రం, అక్షరాల ఫొటో ఒకే కవరులో పెట్టి, డబ్బీ పక్కనే బీరువాలో ఉంచారు.

ఆపరేషన్ ఖర్చుకు మావాడు రాత్రి బ్యాచ్ ఇంకొకటి ఒప్పుకొన్నాడు. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మైత్రీవనం దగ్గరే పాఠం. మొదట కుడి మోకాలు చేయిస్తారట.