ఫోనులో యుద్ధం - ఇంట్లో తగాదా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పిల్లల చేతిలోని ఫోను గురించి తగాదా ఇప్పుడు సర్వసాధారణమైపోయింది. అన్నానికి పిలిస్తే ‘ఒక్క నిముషం’ అంటాడు, అరగంటకూ లేవడు. తండ్రి ఫోను లాక్కుంటాడు, కొడుకు అన్నం మానేస్తాడు. విచిత్రమేమంటే, వాడు ఆడుతున్నదేమిటో తలిదండ్రుల్లో చాలామందికి తెలియదు.

ఈ ప్రాంతానికి ఇది కొత్త సంగతి కాదు. 2019 ఆగస్టులో వనపర్తి ప్రాంతపు 19 ఏళ్ల డిగ్రీ విద్యార్థి ఒకడు మెదడులో రక్తం గడ్డకట్టి హైదరాబాదులో ఆస్పత్రి పాలైన వార్త పత్రికలకెక్కింది. రాత్రి పొద్దుపోయే దాకా ‘పబ్జీ’ ఆడుతూ తిండి, నీరు, నిద్ర అశ్రద్ధ చేయడమే కారణమని అప్పట్లో చెప్పారు. అంటే ముప్పు తెచ్చింది ఆటలోని తుపాకులు కావు, తాగడం మానేసిన మంచినీళ్లు.

కాగా 2020 సెప్టెంబరు 1న రాష్ట్రంలో టీ-శాట్, దూరదర్శన్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఆ మర్నాడే కేంద్రం పబ్జీని నిషేధించింది. ఒకవైపు ఆట పోయిందని సంతోషిస్తూనే, మరోవైపు పాఠాల కోసం ఫోను చేతికివ్వవలసి వచ్చింది! 2021 జూలైలో అదే ఆట ‘బీజీఎంఐ’ పేరుతో తిరిగి వచ్చింది. 2022 జూలైలో మళ్లీ మాయమై, 2023 మేలో మళ్లీ ప్రత్యక్షమైంది. ఈసారి 18 ఏళ్ల లోపు వారికి రోజుకు 3 గంటల పరిమితి పెట్టారు. అయితే ఆ పరిమితి ఫోనుకు చెప్పిన వయస్సుకే వర్తిస్తుంది. తలిదండ్రులు హైదరాబాదుకో బొంబాయికో కూలికి వలస వెళ్లి, పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండే పాలమూరు పల్లెల్లో ఆ వయస్సును సరిచూసేదెవరు?

ఇంతకూ ఆట ఏమిటి? 100 మంది విమానం నుండి పారాచూట్లతో ఒక దీవిలో దిగుతారు. చేతిలో ఆయుధం ఉండదు. ఇళ్లలో వెతికి తుపాకులు, మందులు ఏరుకోవాలి. తిరగగలిగే మేర రానురాను కుంచించుకుపోతుంది, బయట చిక్కినవారికి ప్రాణం తరుగుతుంది. చివరకు మిగిలినవారిదే గెలుపు. ఇందులో దేశం లేదు, న్యాయం లేదు, కారణమంటూ లేదు. ఎదురుపడినవాడల్లా శత్రువే. యుద్ధం నిజంగా ఇలాగే ఉంటుందా అని పిల్లవాణ్ణి అడగదగిన ప్రశ్న ఇక్కడే ఉంది. మన దేశపు ఆటలో రక్తాన్ని ఆకుపచ్చగా మార్చారు కాని, ఆ ప్రశ్న మారలేదు.

తలిదండ్రులు ముఖ్యంగా తెలుసుకోవలసింది మరొకటి. ఈ ఆటను మధ్యలో ఆపి ఉంచడం కుదరదు. ఒక్కో పందెం అరగంట దాకా సాగవచ్చు. నలుగురు జట్టుగా ఆడేటప్పుడు ఒకడు లేచిపోతే మిగిలిన ముగ్గురూ చిక్కుల్లో పడతారు. కనుక ‘ఒక్క నిముషం’ అన్నది ఎప్పుడూ మొండితనం కాదు. నిముషాల లెక్కకు బదులు ‘రెండు పందేలు, ఆ తర్వాత అన్నం’ అని ముందే ఒప్పించడం తేలిక. ఒక్కసారి పక్కన కూర్చుని, “ఏదీ, ఎట్ల ఆడ్తవో చూపియ్యి బిడ్డా” అంటే, చెవిలో వినబడే గొంతులు తోటి పిల్లలవా, ముక్కూ మొహం తెలియని పెద్దలవా అన్నదీ బయటపడుతుంది.

ఈ ఆటలు ఆడినవాడు హంతకుడౌతాడన్నది నిలబడే మాట కాదు. అరుపులు, తోపులాటల వంటి కోపతాపాలతో కొద్దిపాటి సంబంధమే కనబడుతున్నదనీ, ఘోరమైన హింసను వీటికి అంటగట్టడానికి తగిన ఆధారం లేదనీ అమెరికా మనోవిజ్ఞాన సంఘం 2020లో తీర్మానించింది. సినిమాలో వందమందిని కొట్టే హీరోకు ఈలలు వేసే తండ్రి, కొడుకు చేతి తుపాకీని చూసి బెదరడం కొంత వింతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా గుర్తించింది కూడా తుపాకీని కాదు, పట్టు తప్పడాన్ని. చదువు, నిద్ర, స్నేహాలు చెడుతున్నా ఆట మానలేని స్థితి సాధారణంగా ఏడాది పాటు కొనసాగితే వైద్యులు అలా నిర్ణయిస్తారు. అంతదాకా ఆగకుండా సలహా కోరదలచినవారు ప్రభుత్వ ‘టెలీ మానస్’ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.