తెల్లవారి గడిలో యెమెన్

హామ్‌ట్రామిక్ ఊరంతా కలిపి రెండు చదరపు మైళ్లకు కాస్త ఎక్కువ. మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ మహానగరం దాన్ని దాదాపు నాలుగు వైపులా చుట్టేసి ఉంటుంది. ఓపికున్నవాడు ఒక్క పూటలో ఊరు మొత్తం నడిచి రావచ్చు. క్రైస్తవుల ఉపవాస దినాలు మొదలయ్యే ముందు వచ్చే మంగళవారం నాడు ఇక్కడి పోలిష్ బేకరీల ముందు తెల్లవారకముందే జనం బారులు తీరతారు, పోంచ్కీల కోసం. నూనెలో వేగి, కడుపులో జామ్ నింపుకున్న ఈ పిండివంట మన పూర్ణం బూరెకు దూరపు చుట్టంలా ఉంటుంది. అదే ఊళ్లో మసీదు మైకులోంచి అజాన్ వినిపిస్తుంది. కోనంట్ అవెన్యూ వైపు వెళ్తే బెంగాలీ అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. ఆ వీధికి 2008లో ‘బంగ్లాదేశ్ అవెన్యూ’ అని గౌరవ నామం కూడా పెట్టారు.

ఇంత కలగలుపు ఊరిని 2010 జనాభా లెక్కలు మూడు ముక్కల్లో తేల్చేశాయి. సుమారు 54 శాతం తెల్లవారు, 21 శాతం పైచిలుకు ఆసియన్లు, 19 శాతం నల్లవారు. దూరాన కూర్చుని చదివేవారికి ఇది సగానికి పైగా తెల్లవాళ్లున్న మామూలు అమెరికన్ పట్నం. అంకెల్లో పొరపాటేమీ లేదు. తిరకాసంతా గడుల్లోనే.

2024 దాకా అమెరికా ప్రభుత్వ నిర్వచనం ప్రకారం యూరప్ వారితో పాటు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మూలాలున్నవారూ ‘తెల్లవారే’. కాబట్టి కార్ల ఫ్యాక్టరీలో పనికి వచ్చిన పోలండ్ కార్మికుడి మునిమనవరాలు, 1990ల్లో యుద్ధం తప్పించుకుని వచ్చిన బోస్నియా కుటుంబం, నిన్నగాక మొన్న దిగిన యెమెన్ కుర్రాడు అందరూ ఒకే గడిలో సర్దుకోవాల్సి వచ్చింది. ఆ ఊరి గత ముప్పై ఏళ్ల చరిత్రలో అతి పెద్ద మార్పుల్లో ఒకటి యెమెనీల రాక. లెక్కల పట్టికలో దాని ఆనవాలే లేదు. పోలిష్ ముసలమ్మ ఇల్లు అమ్మి శివారుకు వెళ్లిపోయి, ఆ ఇంట్లోకి యెమెన్ కుటుంబం దిగితే వీధిలో అందరికీ తెలుస్తుంది. జనగణన విభాగానికి మాత్రం ఒక తెల్ల కుటుంబం పోయి మరో తెల్ల కుటుంబం వచ్చిందంతే.

యెమెనీలకు ఈ తెల్లదనం పుట్టుకతో దక్కిందేమీ కాదు. ఒకప్పుడు వలస వచ్చినవాడికి అమెరికా పౌరసత్వం దొరకాలంటే తెల్లవాడని గాని, ఆఫ్రికా సంతతివాడని గాని రుజువు కావాలి. 1942లో అహ్మద్ హసన్ అనే యెమెన్ వాసి దరఖాస్తు ఇదే డెట్రాయిట్ ప్రాంతపు ఫెడరల్ కోర్టు ముందుకు వచ్చింది. అరబ్బులు తెల్లవారు కారని జడ్జి దాన్ని తిరస్కరించాడు. రెండేళ్లు తిరక్కుండానే మసాచుసెట్స్‌లో మరో కోర్టు, మరో అరబ్బు విషయంలో, తెల్లవాడేనని తీర్పిచ్చింది. ఈ రెండేళ్లలో అరబ్బుల ఒంటిరంగు మారలేదు.

మనవాళ్ల కథ ఇంతకంటే వింత. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌ను తెల్లవాడిగా ఒప్పుకోలేమని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. 1920 నుంచి 1940 దాకా జనాభా లెక్కల్లో ‘హిందూ’ అన్నది ఒక జాతి పేరు. సిక్కయినా ముసల్మానయినా భారతదేశం నుంచి వస్తే హిందువే. తర్వాత 1970 లెక్కల్లో భారతీయులను తెల్లవారిలో కలిపేశారు. పదేళ్లకు ‘ఏషియన్ ఇండియన్’ గడి పుట్టింది. అంటే 1970లో అక్కడ డాక్టరుగా పనిచేస్తున్న తెలుగాయన లెక్కల్లో తెల్లవాడు. 1980కల్లా అదే ఇంట్లో, అదే ఉద్యోగంలో ఉంటూ ఆసియన్ అయ్యాడు.

హామ్‌ట్రామిక్ జనాన్ని నిజంగా మార్చినవి జీతం, ఇంటి అద్దె. 1910లో డాడ్జ్ సోదరులు ఇక్కడ కార్ల కర్మాగారం పెట్టేనాటికి ఇది మూడున్నర వేల మంది ఉన్న పల్లె. పదేళ్లలో జనాభా 48 వేలు దాటింది. వచ్చినవారిలో ఎక్కువమంది పోలండ్ నుంచే. 1922లో నగరంగా మారాక సుమారు వందేళ్ల పాటు మేయర్లంతా పోలిష్ మూలాలవారే. 1987లో పోలండ్‌కే చెందిన పోప్ జాన్ పాల్-2 ఈ చిన్న ఊరికి పనిగట్టుకుని వచ్చింది కూడా అందుకే. డాడ్జ్ కర్మాగారం 1980లో మూతపడింది. ఆ స్థలంతో పాటు చుట్టుపక్కల నేలనూ జనరల్ మోటార్స్‌కు ఇవ్వడానికి పక్కనున్న డెట్రాయిట్ పేటలో నాలుగు వేల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. పని పోయింది, మనుషులు తగ్గారు, ఇళ్ల ధరలు పడ్డాయి. ఆ చవక ఇళ్లే కొత్తవారిని పిలిచాయి. న్యూయార్క్ అద్దెలు భరించలేని బంగ్లాదేశీ కుటుంబాలు, ముఖ్యంగా సిల్హెట్ ప్రాంతంవారు, ఇక్కడికి చేరారు. 2010లో 22 వేల పైచిలుకున్న జనాభా 2020 నాటికి 28 వేలు దాటింది. డెట్రాయిట్ జనాభా తగ్గుతున్న ఆ పదేళ్లలోనే, దాని కడుపులో ఉన్న ఈ ఊరు పెరిగింది.

ఈ వలస కథను ముచ్చటగా చెప్పేవారు నల్లవారి అధ్యాయాన్ని సాధారణంగా దాటేస్తారు. రహదారుల పేరిట, పట్టణ పునర్నిర్మాణం పేరిట నల్లవారి పేటలను నగరపాలక సంస్థే కూల్చింది. బాధితులు 1968లో దావా వేశారు. నగరం జాతి వివక్షకు పాల్పడిందని 1971లో జడ్జి డేమన్ కీత్ తీర్పిచ్చారు. పరిహారంగా కట్టాల్సిన రెండు వందల ఇళ్లు పూర్తయ్యేసరికి 2010 వచ్చింది. తీర్పు నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి దాదాపు నలభై ఏళ్లు. 2010 పట్టికలోని 19 శాతం అన్న అంకె పక్కన ఈ సంగతి రాసే చోటు ఉండదు. వలస వచ్చినవారి ఊరని గొప్పగా చెప్పుకునే చోట, వెళ్లగొట్టబడినవారి లెక్క కూడా ఉండాలి కదా.

ఇక ‘ఆసియన్’ గడి. హామ్‌ట్రామిక్ నుంచి సుమారు ముప్పావు గంట కారు ప్రయాణంలో నోవై నగరం ఉంది. 2025 జూలైలో ఉత్తర అమెరికా తెలుగువారి సంఘం తానా మహాసభలు జరిగింది అక్కడే. నోవై ఆసియన్ అంటే చాలావరకు కార్ల కంపెనీల్లోనో సాఫ్ట్‌వేర్‌లోనో పనిచేసే భారతీయ ఇంజనీరు, లేదా జపాన్ కంపెనీ ఉద్యోగి. హామ్‌ట్రామిక్ ఆసియన్ అంటే చాలావరకు ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్లే సిల్హెట్ బెంగాలీ. మిషిగన్‌లోని పేద నగరాల్లో హామ్‌ట్రామిక్ ఒకటి. ఆసియన్ల సగటు ఆదాయం ఇంత అని ఎవరైనా సంబరంగా ప్రకటించినప్పుడు ఈ రెండు వంటిళ్లూ ఒకే కూడికలో పడతాయి. ‘మోడల్ మైనారిటీ’ (ఆదర్శ అల్పసంఖ్యాకులు) అనే మాటను మనవాళ్లు మురిపెంగా మెడలో వేసుకుంటారు. ఆ గడిలోనే ఉన్న పొరుగువాడి అవసరాలను అది ఎలా కప్పేస్తుందో గమనించేవారు తక్కువ.

ప్రభుత్వ ఫారాన్ని ఇంత విమర్శించాక పత్రికలను వదిలేయడం న్యాయం కాదు. 2015 ఎన్నికల్లో నగర మండలిలో ముస్లింలకు మెజారిటీ వచ్చింది. అప్పటి నుంచి అమెరికా మీడియాకు హామ్‌ట్రామిక్ అంటే ‘ముస్లిం నగరం’. 2021లో యెమెన్‌లో పుట్టిన ఆమెర్ గాలిబ్ అప్పటి మేయర్ కేరెన్ మజెవ్‌స్కీని ఓడించారు. ఆమె పోలిష్ వలసల మీద పరిశోధన చేసిన చరిత్రకారిణి కూడా. మరుసటి ఏడాదికల్లా మండలి సభ్యులందరూ ముస్లింలే. 2023 జూన్‌లో నగర స్తంభాల మీద స్వలింగ సంపర్కుల ఇంద్రధనుస్సు జెండాకు చోటు లేదని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. దాంతో ఉదారవాదులు నొచ్చుకున్నారు. 2004లో మైకులో అజాన్ వద్దని వివాదం రేగినప్పుడు, ఓటింగ్ దాకా వెళ్లినప్పుడు, పట్టణంలో మెజారిటీ అజాన్‌కే మొగ్గింది. అప్పుడు అండగా నిలిచినందుకు ఇదా ప్రతిఫలం అన్నది వారి బాధ. 2024లో గాలిబ్ ట్రంప్‌కు మద్దతు ప్రకటించడంతో ఆ బాధ ఇంకా పెరిగింది.

జెండా తీర్మానాన్ని తప్పుపట్టడానికి కారణాలు చాలానే ఉన్నాయి. అల్పసంఖ్యాకులుగా హక్కులు అడిగి తెచ్చుకున్నవారు, అధికారం చేతికొచ్చాక తమకంటే అల్పసంఖ్యాకుల గుర్తును దించేయడం మెచ్చదగిన పని కాదు. అలాగని కృతజ్ఞత లేదన్న ఆరోపణ కూడా అంత సబబు కాదు. వలస వచ్చినవాడు, గోధుమరంగువాడు, ముస్లిం కాబట్టి ఫలానా పార్టీకి, ఫలానా సిద్ధాంతానికి కట్టుబడి ఉండాలనడం మరో రకం గడి గీయడమే. పోలిష్ కాథలిక్కులూ ఒకనాడు సంప్రదాయవాదులే. వారినెవరూ అలా నిలదీయలేదు. పైగా ‘ముస్లిం నగరం’ అన్న మాట కింద యెమెనీకీ బంగ్లాదేశీకీ మధ్య భాషా తేడా, ఓట్ల పోటీ, రెండు వేర్వేరు మసీదుల జీవితం అన్నీ మాయమైపోతాయి. ఇద్దరూ కలిసి నమాజు చేయగలరు. బజారులో మాట్లాడుకోవాలంటే ఇంగ్లీషే దిక్కు.

ఫారాలు కొంత మారుతున్నాయి. 2020లో తెల్లవారి గడి కింద మొదటిసారి మూలాలు రాసుకునే చోటిచ్చారు. ఉదాహరణల్లో లెబనాన్, ఈజిప్టు పేర్లు చేర్చారు. దేశం మొత్తం మీద 35 లక్షల మంది తమది పశ్చిమాసియా లేదా ఉత్తర ఆఫ్రికా అని తెలిపారు. వారికి విడిగా గడి పెట్టాలని 2024 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం నిర్ణయించింది. ఆ నిర్ణయం అలాగే నిలిస్తే 2030 లెక్కల్లో అది కనిపించాలి. అప్పుడు హామ్‌ట్రామిక్‌లో తెల్లవారి శాతం ఒక్కసారిగా పడిపోతుంది. తెల్లవారు ఊరు ఖాళీ చేశారని ఎవరో ఒకరు శీర్షిక పెడతారు. ఆ రోజు కూడా బేకరీ ముందు వరుసలో, మసీదు మెట్ల మీద ఉండేది ముందురోజు ఉన్నవారే.