చుక్కల మందు మధ్యలో మానరాదు

గుడి గోడ మీది ఎర్రటి మరకలు విరూపణ్ణ కళ్లవని చెప్పుకునే లేపాక్షిలో శుక్లాల ఆపరేషన్ అంటే తెలియనివారు లేరు. నీటికాసుల సంగతి అలా కాదు. కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నరం క్రమేణా దెబ్బతినే ఈ జబ్బులో సాధారణంగా నొప్పి ఉండదు. ముందు పక్కచూపు పోతుంది. పోయిన చూపును ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు. ఉన్నది నిలుపుకోవడానికే చుక్కల మందు, అదీ జీవితాంతం.

చిక్కంతా ఇక్కడే. చుక్కలు వేసుకుంటే చూపు మెరుగైనట్టు కనపడదు, మానితే మర్నాడే పోయినట్టూ తెలియదు. సీసా అయిపోగానే చాలామంది వదిలేస్తారు. వేరుశనగ ఎండిపోయిన ఏడు మందుకు డబ్బెక్కడిది? కొడుకులు బెంగుళూరు కూలికి పోతే, ముసలివారు వణికే చేత్తో వేసుకునే చుక్క కంట్లో కన్నా చెంప మీదే పడుతుంది. దీనిని అశ్రద్ధ అని కసురుకోవడం డాక్టర్లకు తగదు. ఒకసారి దగ్గరుండి వేయించి చూడాలి: కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేసి, కన్ను మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు అదిమి పట్టాలి. ఉబ్బసం ఉన్నవారు ముందే చెప్పాలి, టిమొలాల్ వారికి పడదు.

రక్తపోటు, చక్కెర మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. టిమొలాల్ కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నదే. ఆ మాత్రలతో పాటు ఈ సీసానూ నెలనెలా రోగి చేతికి అందేలా జిల్లా వైద్యాధికారులు ఏర్పాటు చేయాలి.