రచ్చబండ ఎచ్చట వేయవలెను?

గడచిన వేసవి సెలవులకు ముందు మన పాఠశాల పూర్వ విద్యార్థులు కొందఱు మమ్ము చూడవచ్చిరి. హోసూరునుండి బెంగుళూరునకు దినదినమును పోయివచ్చుచు కంప్యూటరు పని చేయువారు వారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లను, అనగా సోర్సు కోడును ఎవరైనను చదివి, మార్చి, పంచుకొనదగిన వానిని, తెలుగులోనికి తెచ్చు పనిలో మన పదవ తరగతి పిల్లలును చేరవలెనని వారి కోరిక. సంతోషముతో ఒప్పుకొంటిమి. అయితే పని మొదలు కాకమునుపే చిక్కు వచ్చినది. ఈ పనివారందఱును మాటలాడుకొనుటకు చోటేది?

వారు వెంటనే ఫోనులో ఒక గుంపు కట్టిరి. మూడు దినములు కాకమునుపే ఒక తల్లి బడికి వచ్చి, "అయ్యవారూ, మా పాప చేతిలో ఉండేది నా ఫోను. ముక్కూ మొగమూ తెలియని వాళ్ళకంతా నా నంబరు కనబడతా ఉంది" అన్నది. ఆమె మాట న్యాయమే. మఱియొక రాత్రి ఒక బాలిక, ఫైలును దస్త్రమనవలెనా, ఫైలుగానే ఉంచవలెనా అని అడిగినది. తెల్లవాఱునప్పటికి దానిపై పుట్టినరోజు శుభాకాంక్షలును, పూలబొమ్మలును గుట్టపడినవి. ప్రశ్న అడుగున మునిగినది. వారములోపల అదే ప్రశ్న మఱి రెండుసార్లు పుట్టి, రెండుసార్లును మునిగినది.

చోటు చిన్న విషయమని తలంచువారు కలరు. మేమట్లు తలంపము. 1991 ఆగష్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తాను వ్రాయుచున్న ఆపరేటింగ్ సిస్టమును గూర్చి మినిక్స్ వాడువారి బహిరంగ చర్చావేదికలో ప్రకటించెను. మీకేమి కావలెనో చెప్పుడని అడిగెను. ఇద్దఱు స్నేహితుల చెవిలో చెప్పి ఊరకుండినచో ఎవరెఱుగుదురు? నేటికిని లినక్స్ కెర్నెలునకు వచ్చు మార్పులు ఈ-మెయిలు జాబితాలలోనే పంపబడి, చర్చింపబడుచున్నవి. ఆ ఉత్తరములు భద్రముగా నున్నవి. ఒక మార్పు ఏల చేసిరో, ఎవరు కాదనిరో, పదేండ్ల తరువాత వచ్చిన వాడును వెదకి చదువుకొనగలడు.

పాతదెల్ల మంచిదని మా భావము కాదు. మొజిల్లా వారు చాలకాలము ఐఆర్‌సీ అను పాత ముచ్చట పద్ధతిని వాడిరి. క్రొత్తవారు ప్రవేశించుట కష్టముగా నున్నదనియు, వేధించువారిని అదుపుచేయుట సాగుట లేదనియు గ్రహించి, 2019లో నాలుగు సాధనములను పరీక్షించి మాట్రిక్స్‌ను ఎన్నుకొనిరి. 2020 మార్చిలో తమ ఐఆర్‌సీ సర్వరును మూసివేసిరి. అలవాటుపడిన పెద్దల సౌకర్యమును గాక, వాకిటనిలిచిన క్రొత్తవాని కష్టమును కొలతగా తీసికొనుట మాకు నచ్చినది.

ఎంత మంచి చోటైనను అది మన సొత్తు కానప్పుడు జాగ్రత్త వలయును. 2021 మే నెలలో ఫ్రీనోడ్ అను వేదిక యాజమాన్యమును గూర్చి తగవు పుట్టగా, నిర్వాహకులు పలువురు వెడలి లిబెరా చాట్‌ను నెలకొల్పిరి. ఉబుంటు, వికీమీడియా సమాజములు అచ్చటికి తరలినవి. 2020 డిసెంబరులో యాహూ గ్రూపులు మూతపడినవి. పాత ఉత్తరములను ముందుగా దాచుకొనని వారికి అవి పోయినట్లే.

మనకు దగ్గఱి దృష్టాంతము తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వములో అందఱును కూడి మాటలాడు పుటకు రచ్చబండ అని పేరు. ఎవరు వ్రాసినను క్రింద సంతకమును తేదియు ఉండును; సొంత పేరే పెట్టవలెనను నిర్బంధము లేదు; ఫోను నంబరు ఎవరికిని కనబడదు. ఫైలునకు అచ్చట దస్త్రమనియే వాడుచున్నారు. మన హోసూరు ఇండ్లలో ఆ మాట లేదు. లేదని చెప్పుటకు మన పిల్లకు హక్కు కలదు. కాని ఆ మాట నిర్ణయించిన చర్చ ఎక్కడో హైదరాబాదులోని పదిమంది ఫోనులలో దాగియున్నచో, ఆమె ఎవరితో వాదించును? కన్నడము, తమిళము కలిసిన మన తెలుగు ఎవరి చెవిని బడును? సరిహద్దున నున్నవారికి తెఱచిన చోటు అలంకారము కాదు, అవసరము.

(పిల్లలు ముచ్చటలలో తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుచున్నారు. ఒకే మాటను నలుగురు నాలుగు విధములుగా వ్రాసిన పిదప దానిని వెదకిపట్టుట ఎట్లు? ఈ విషయమున మేము కఠినులమే.)

అందుచేత పూర్వ విద్యార్థులతో మాటలాడి ఇట్లు ఏర్పాటు చేసితిమి. నిర్ణయములన్నియు అందఱును చదువదగిన చర్చాపుటలో, తెలుగు లిపిలో ఉండవలెను. పిల్లలు మాఱుపేర్లతో వ్రాయుదురు. ఫోను గుంపు పెద్దలకు మాత్రమే. అదియు కూడుకొను వేళ తెలుపుటకే. శనివారము మధ్యాహ్నము కంప్యూటరు గదిలో ఒక గంట కూర్చుందుము. అచ్చట నోటితో అనుకొన్నది ఆ సాయంకాలమే పుటకెక్కవలెను. ఎక్కనిది నిర్ణయము కాదు. ఇది నిదానపు పద్ధతియని ఒక పూర్వ విద్యార్థి విసుగుకొనినాడు. నిదానమే. పరీక్షలకు చదువుకొను పిల్లలు అర్ధరాత్రి మేలుకొని జవాబులీయ నక్కఱలేదు గదా.

దస్త్రమా, ఫైలా అను వాదము ఇంకను తెగలేదు. తల్లిదండ్రులును శనివారము రావచ్చును; తమ యింట ఏ మాట వాడుచున్నారో చెప్పవచ్చును. ఫోను తేనక్కఱలేదు.