బొమ్మ రైలు కాదు, మన గూడ్సుబండి

సైన్స్ ఫెయిర్ అనగానే అట్టతో రంగుల ప్యాసింజరు రైలు చేయడం మనకు అలవాటు. ఈసారి కృష్ణపట్నం రేవు నుండి వెంకటాచలం మీదుగా బొగ్గు మోసే గూడ్సుబండిని సరైన కొలతలతో చేయాలని మా కోరిక.

“ఆటకు కొలతలెందుకు?” అంటారు కొందరు. చదువంతా ఆ కొలతల్లోనే ఉంది. హెచ్‌ఓ స్కేలులో అసలు కొలతను 87తో భాగించాలి. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. భాగిస్తే 19 దాటుతుంది. ఆ స్కేలులో అమ్మే పట్టాలు 16.5 మాత్రమే. కనుక పట్టాలు మనమే వేసుకోవాలి. 1600 మిల్లీమీటర్ల గేజి ఉన్న ఐర్లండులోనూ పట్టుదల గల మోడల్ రైళ్ల అభిమానులు అలాగే వేసుకుంటారు.

బొగ్గుకు కప్పులేని బాక్స్‌ఎన్ వ్యాగన్ ఎందుకు? ఎరువులకు కప్పున్న బీసీఎన్ ఎందుకు? 2019లో ప్రారంభమైన చెర్లోపల్లి–రాపూరు సొరంగం కొండ కింద 6 కిలోమీటర్లకు పైగా ఎందుకు సాగింది? ఇవన్నీ చేస్తూ నేర్చుకునే పాఠాలు.

బాక్స్‌ఎన్ ఒక్కొక్కటి 12 సెంటీమీటర్లకు వస్తుంది. 58 కలిపితే ఏడు మీటర్లు! గది చాలదు, వరండా కావాలి.

రైల్వే పరీక్షలకు గైడ్లు బట్టీపడుతున్నాం గానీ, కళ్లముందు పోయే వ్యాగన్‌ను ఒక్కసారైనా గమనించామా? అట్ట, జిగురు, స్కేలు మేము తెచ్చుకుంటాం. రైల్వేలో ఉన్న పూర్వ విద్యార్థులు, అన్నలారా, ఒక్క ఆదివారం వచ్చి మా తప్పులు దిద్దండి.