పాలు పడకపోవడం రోగమా?

ఒక జన్యువు దేహంలో ఉన్నదంటే దాని ఫలితం కనిపించి తీరవలెనని, కనిపించకపోతే ఆ దేహంలో ఏదో లోపమున్నదని మన విద్యార్థులలో చాలామంది భావిస్తారు. ఈ భావన సరికాదని నా మనవి. ఇందుకు లాక్టేజ్ అనే ఎంజైమే నిదర్శనం.

పాలలోని చక్కెరను లాక్టోజ్ అంటారు. అది గ్లూకోజ్, గాలక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా విడిపోతే గాని రక్తంలోకి చేరదు. ఆ పని చేసేది లాక్టేజ్. దానికి మూలమైన జన్యువు మన రెండవ క్రోమోజోముపై ఉన్నది. కేంద్రకం గల ప్రతి కణంలోనూ, అనగా కంటిలో, చర్మంలో, మెదడులో సైతం, ఆ జన్యువు ఉంటుంది. అయినా దానిని ప్రధానంగా వినియోగించేవి చిన్నపేగు లోపలి పొరలోని కణాలే. కణాలన్నిటి వద్ద ఉన్న గ్రంథమొక్కటే. ఏ పుట తెరవాలన్నది కణజాలాన్ని బట్టి ఉంటుంది.

చోటుతో పాటు కాలమూ ముఖ్యమే. శిశువు తల్లిపాలపై ఆధారపడినంత కాలం ఈ జన్యువు చురుకుగా పనిచేస్తుంది. పాలు మాన్పించిన తరువాత క్రమంగా మందగిస్తుంది. క్షీరదాలలో ఇదే సాధారణ ధర్మం. ప్రపంచంలోని వయోజనులలో సుమారు మూడింట రెండు వంతుల మంది ఈ కోవకు చెందినవారే. జీర్ణం కాని లాక్టోజ్ పెద్దపేగును చేరగా, అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి వాయువులను పుట్టిస్తాయి. కడుపుబ్బరానికి కారణమిదే.

మరి కొందరు పెద్దవారైనా పాలను ఎట్లా జీర్ణించుకోగలుగుతున్నారు? ఇందుకు మూలమైన మార్పును ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు 2002లో వెల్లడించారు. విచిత్రమేమంటే, ఆ మార్పు లాక్టేజ్ జన్యువులో లేదు. పొరుగునున్న ఎంసిఎం6 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. భారతదేశంలోనూ ఇదే మార్పు ఉన్నదని, వాయవ్య ప్రాంతాలలో ఎక్కువగా, దక్షిణాదిన తక్కువగా కనిపిస్తుందని 2012లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. హైదరాబాదులోని సిసిఎంబి శాస్త్రజ్ఞులు అందులో పాలుపంచుకున్నారు.

కాబట్టి పాలు పడని యువకుణ్ణి చూసి "ఒంట్లో సత్తువ లేదు" అని హేళన చేయడం అజ్ఞానం. బలవంతంగా గ్లాసు నోటికందించడం అన్యాయం. పాలలో మాంసకృత్తులు, కాల్షియం పుష్కలంగా ఉన్నాయి గదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని పెరుగులోనూ అవి ఉన్నాయి. పైగా తోడువేసినప్పుడు సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను కొంత ముందే తగ్గిస్తాయి. అందుచేత పాలు పడని చాలామందికి పెరుగు పడుతుంది. రాగులలోనూ, ముళ్ళతో తినే చిన్న చేపలలోనూ కాల్షియం లభిస్తుంది. విద్యార్థి వసతి గృహాలలో పాలు ఇచ్చేటప్పుడు, కోరిన వారికి పెరుగో మజ్జిగో ఇచ్చే ఏర్పాటుండాలి. బాధ తరచుగా వస్తున్నా, పసిపిల్లలకు పాలు పడకపోయినా వైద్యుణ్ణి సంప్రదించవలసిందే; అది వేరు సంగతి.

ఈ సంచికను ఉర్దూ చదివే మిత్రులు ఒక వైపు నుండి తెరుస్తారు, తెలుగు చదివే మేము మరొక వైపు నుండి తెరుస్తాము. అంతమాత్రాన పుస్తకంలో లోపమున్నదని ఎవ్వరమూ అనము. తోటివారి దేహాల విషయంలోనూ మనకు ఆ పాటి వివేకం ఉండవద్దా?