ముసుగు దొంగ... చుట్టాలు మాత్రం మంచివాళ్లే!

దాహం వేసిన కాకి కుండలో గులకరాళ్లు వేసి నీళ్లు పైకి తెప్పించుకున్న కథ తెలియని పిల్లలుండరు. 2017లో అమెరికా శాస్త్రవేత్తలు అచ్చంగా ఇదే పరీక్షను ఎనిమిది రకూన్లకు పెట్టారు. పొడవాటి గొట్టంలో కొంచెం నీళ్లు పోసి, వాటిమీద మార్ష్‌మాలో మిఠాయి ముక్కలు తేలేలా వేశారు. చెయ్యి పెడితే అందవు. రాళ్లు వేస్తే నీళ్లు పైకొస్తాయని చూపించాక రెండు రకూన్లు ఆ కిటుకు పట్టేశాయి. మూడోది మాత్రం ‘ఇంత కష్టం ఎందుకు’ అనుకుందో ఏమో... గొట్టాన్ని పట్టుకుని ఏకంగా పడదోసి మిఠాయి తినేసింది! కాకికి కూడా రాని ఆలోచన అది.

కళ్ల చుట్టూ ముసుగు దొంగలా నల్లటి పట్టీ, తోక మీద నలుపూ తెలుపూ చారలు, పిల్లి కన్నా కాస్త పెద్ద ఒళ్లు. ఉత్తర అమెరికాలో పుట్టి పెరిగిన రకూన్ ఆనవాళ్లివి. ముఖానికి తగ్గట్టే పనులూ ఉంటాయి. రాత్రయితే చాలు, చెత్తడబ్బాల మూతలు లేస్తాయి. కెనడాలోని టొరంటో నగరం వీటి బాధ పడలేక 2016లో మూడు కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, రకూన్లు తెరవలేవంటూ కొత్త రకం చెత్తడబ్బాలను ఇంటింటికీ ఇచ్చింది. కొద్ది రోజులకే కొన్ని రకూన్లు వాటినీ పడదోసి తెరవడం నేర్చేసుకున్నాయి.

చేతులే కళ్లు

ఈ తెలివంతా చేతుల్లోనే ఉంది. రకూన్ మెదడులో స్పర్శకు సంబంధించిన భాగంలో ఎక్కువ శాతం ముందరి పంజాలు పంపే సమాచారానికే సరిపోతుంది. చీకట్లో, నీళ్లలో చేతులతో తడిమి పీతలనూ చేపలనూ పట్టేస్తుంది. తడిస్తే ఆ పంజాలకు స్పర్శ ఇంకా బాగా తెలుస్తుంది. బోనులో ఉన్న రకూన్ తిండిని నీళ్లలో ముంచి తిప్పడం చూసి, ‘అబ్బో, కడుక్కుని తింటోంది’ అనుకున్నారు జనం. శాస్త్రీయ నామంలో ‘లోటర్’ అంటే కడిగేది అనే అర్థం. జర్మన్లూ జపనీయులూ కూడా దీన్ని ‘కడిగే ఎలుగు’ అనే పిలుస్తారు. నిజానికది శుభ్రత కాదు, వాగులో వేటాడే అలవాటు వదులుకోలేకపోవడమే!

బుల్లితెర తెచ్చిన తంటా

ముద్దొచ్చే ముఖమే రకూన్‌ని సముద్రాలు దాటించింది. 1977లో జపాన్ టీవీలో రాస్కల్ అనే రకూన్ పిల్ల కథ 52 భాగాల కార్టూన్‌గా వచ్చింది. అమెరికా రచయిత స్టెర్లింగ్ నార్త్ తన చిన్ననాటి జ్ఞాపకాలతో 1963లో రాసిన పుస్తకమే దానికి ఆధారం. ఇంకేముంది, ప్రతి పిల్లాడికీ ఓ రాస్కల్ కావాల్సి వచ్చింది. ఏడాదికి వందల సంఖ్యలో రకూన్లు ఓడలెక్కి జపాన్ చేరాయి. పిల్లగా ఉన్నప్పుడు ఒళ్లో పడుకున్నది పెద్దయ్యాక కరిచింది, రక్కింది, ఇల్లు పీకి పందిరేసింది. విసిగిపోయిన వాళ్లు తీసుకెళ్లి అడవిలో వదిలేశారు. అక్కడ వాటిని అదుపులో పెట్టే జంతువులు లేవు. పంటలు పాడయ్యాయి. శతాబ్దాల నాటి చెక్క దేవాలయాల పైకప్పుల్లో అవి కాపురాలు పెట్టాయి. చివరికి 2005లో అమల్లోకి వచ్చిన చట్టంతో వాటిని తెచ్చుకోవడాన్నీ పెంచుకోవడాన్నీ ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది.

జర్మనీదీ ఇదే కథ. 1934లో ఎడర్‌జే సరస్సు దగ్గర అడవిలో కేవలం రెండు జంటల్ని వదిలారు. తర్వాత బొచ్చు కోసం పెంచే ఫారాల నుంచి మరికొన్ని తప్పించుకున్నాయి. ఇప్పుడు ఆ దేశంలో రకూన్లు పది లక్షలు దాటాయని అంచనా.

అన్నట్టు, ఆ కార్టూన్ ముగింపులో రాస్కల్‌ని పెంచిన కుర్రాడు ఏం చేస్తాడో తెలుసా? అడవి జంతువు ఇంట్లో ఇమడదని అర్థం చేసుకుని, కళ్లనీళ్లతో దాన్ని అడవిలో విడిచిపెడతాడు. చూసినవాళ్లకు రాస్కల్ ముద్దు గుర్తుండిపోయింది కానీ, ఆ నీతి మాత్రం గుర్తులేదు!

తేనె తాగేవాళ్లు... తోకతో వేలాడేవాళ్లు

రకూన్ కుటుంబంలో దాదాపు పద్నాలుగు జాతులున్నాయి. అన్నిటి పుట్టిల్లూ అమెరికా ఖండాలే. ముట్టెతో నేలను గెలికి పురుగులు ఏరుకు తినేది కొవాటి. ఆడవీ పిల్లలూ గుంపుగా తిరుగుతాయి, పెద్ద మగది ఒంటరిగా ఉంటుంది. అందుకే ఒకప్పుడు మగ కొవాటిని వేరే జాతి అనుకున్నారు. మరో చుట్టం కింకజూ. తోకతో కొమ్మను చుట్టేసి వేలాడుతూ, అయిదంగుళాల నాలుకతో పూలల్లో తేనె జుర్రుతుంది. ఆ పనిలో ముఖానికి అంటుకున్న పుప్పొడిని పువ్వు నుంచి పువ్వుకు చేరవేస్తుంది.

ఈ ఇంట్లో అందరికంటే ఆలస్యంగా వెలుగులోకి వచ్చింది ఒలింగీటో. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం సొరుగుల్లో ఏళ్లతరబడి పడి ఉన్న చర్మాలూ పుర్రెలూ చూస్తూ, ఇది వేరే జాతి అని క్రిస్టోఫర్ హెల్గెన్ అనుమానించారు. ఈక్వడార్ మంచు అడవుల్లో వెతికితే సజీవంగానే కనిపించింది. 2013లో లోకానికి ప్రకటించారు. తమాషా ఏమిటంటే, అంతకు కొన్ని దశాబ్దాల ముందే ఒక ఒలింగీటో అమెరికా జంతుప్రదర్శనశాలల్లో బతికింది. దాన్ని ఒలింగో అనుకుని, జోడీ కోసం ఊరూరా తిప్పారు. ఎక్కడా జత కట్టలేదు. పాపం, అది వేరే జాతిదైతే ఎలా కడుతుంది!

మన ఇంటి బంధువులు

రకూన్ కుటుంబంలో ఒకప్పుడు లెక్కగట్టి, తర్వాత వేరు కాపురం పెట్టించిన జంతువు మన హిమాలయాల్లో ఉంది. అదే ఎర్ర పాండా. 1825లో పేరు పెట్టిన నాటి నుంచీ ఇది రకూనా, ఎలుగా అని తగువే. చివరికి డీఎన్ఏ తీర్పు చెప్పింది. రెండూ కాదు, దానిది సొంత కుటుంబం. రకూన్లు, ముంగిసను పోలిన వీజల్‌లు, స్కంక్‌లు దానికి దగ్గరి చుట్టాలు. నలుపూ తెలుపూ పెద్ద పాండాతో మాత్రం పేరు ఒక్కటే కలిసింది.

రకూన్ ఎక్కడ వదిలితే అక్కడ పెరుగుతుంటే, ఎర్ర పాండాలు అడవుల్లో పది వేలకు మించి లేవని అంచనా. వాటిని కాపాడుతున్న చోటికో హైదరాబాద్ బంధం ఉంది. డార్జిలింగ్‌లోని ఆ జంతుప్రదర్శనశాల పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. సరోజినీ నాయుడు కూతురిగా హైదరాబాద్‌లో పుట్టి, పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పనిచేసిన పద్మజ పేరే అది. అక్కడ పుట్టిన ఎర్ర పాండాలను 2003 నుంచి సింగలీలా అడవుల్లోకి వదులుతున్నారు. రకూన్‌ని పరాయి అడవిలో వదిలించుకున్నారు, వీటిని సొంత అడవికి సాగనంపుతున్నారు. తేడా అదే.

ఇంకాస్త దగ్గరి చుట్టాన్ని చూడాలంటే కాకినాడ పక్కనున్న కోరింగ మడ అడవులకు వెళ్లొచ్చు. అక్కడి నీటికుక్కలు వీజల్ కుటుంబానివే. అంటే రకూన్‌కి వరసైనవే. పడవలోంచి చూసి మురిసిపోవచ్చు... ఇంటికి మాత్రం తెచ్చుకోవద్దు!